మార్తమ్మ పెద్దమ్మ కూర్చున్న చోటు

తడిసి ఆరీ ఆరని షామియానా గుడ్డకు ఒక వాసన ఉంటుంది. పాత గోనెసంచీ, వంటపొగ, ఎవరి పెళ్ళిలోనో ఒలికిన పులుసు, అన్నీ కలిసి ముక్కుకు తగులుతాయి. మొన్న శనివారం పొద్దున మొయినాబాద్‌లో మేం కిరాయికి ఉంటున్న ఇంటి ముందు ఆ గుడ్డ కట్టారు. కింది వాటాలో ఉండేది గుంటూరు వైపు నుంచి వచ్చి పాతికేళ్ళుగా ఇక్కడే ఉద్యోగాలు చేసుకుంటున్న కుటుంబం. మంచివాళ్ళు. వాళ్ళబ్బాయి బైకు మీద నుంచి పడి, ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చాడు. మొక్కు తీర్చుకోవడానికి పూజ పెట్టుకున్నారు. మేం క్రైస్తవులమని తెలిసి కూడా, భోజనానికైనా రమ్మని రెండుసార్లు మెట్లెక్కి వచ్చి చెప్పారు. వెళ్ళాను. ఆవిడ నా చేయి పట్టుకుని, "మావాడి మీద ఆ దేవుడి చల్లని చూపు ఉందండీ, అందుకే బయటపడ్డాడు" అంది. నా నోరు ఊరుకోదు. బండి మీద ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాను. వెనక ఒక స్నేహితుడు కూర్చున్నాడట. అతనెలా ఉన్నాడని అడిగేసరికి ఆవిడ అటు తిరిగి వంటవాళ్ళను పిలిచింది.

పైకొచ్చాక మా ఆయన చీవాట్లు పెట్టాడు. నాకు దేవుడి మీదా అనుమానమే, మనుషుల మీదా అనుమానమే అన్నాడు. కాదనలేను. ఎవరైనా దేవుడికి కృతజ్ఞత చెబుతుంటే నాకు భక్తి కలగదు, ఆ పక్కన ఎవరు లేరో చూడాలనిపిస్తుంది. బళ్ళో లెక్కలు చెప్పే ఉద్యోగం వల్ల వచ్చిన బుద్ధి ఇది అని మా ఆయన నమ్మకం. అది తప్పు. ఈ బుద్ధి నాకు చేవెళ్ళ దగ్గర ముడిమ్యాలలో, కొత్తిమీర కట్టలు కట్టి బతికిన ఒక ఆడమనిషి దగ్గర అబ్బింది. ఆమె పేరు మార్తమ్మ. మా పక్కిల్లే. నేను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. ఆమెను చూడనివాళ్ళకు ఆమె ఎలాంటిదో తెలియాలంటే ముందు ఆమె పాట సంగతి చెప్పాలి.

మా ఊళ్ళో తాతల కాలం నుంచీ చర్చి ఉంది. అయ్యగార్లు, అంటే పాస్టర్లు, మూణ్ణాలుగేళ్ళకొకరు మారేవారు. మారనిది మార్తమ్మ పెద్దమ్మ. ఆరాధనలోనైనా, ఎవరింట్లో ప్రార్థన కూడికైనా, మొదటి పాట ఆమె ఎత్తుకోవాల్సిందే. ఎవరో పెట్టిన నియమం కాదు, ఇంకొకరు మొదలుపెడితే జనానికి గొంతు కలిపే ధైర్యం వచ్చేది కాదు, అంతే. వారమంతా తోటల్లో కొత్తిమీర, పాలకూర కట్టలు కట్టేది. ఆదివారం పొద్దున అవే పచ్చటి వేళ్ళతో కంజిర పట్టుకుని ముందు వరుసలో కూర్చునేది. భర్త చాలాకాలం కింద పోయాడు. ఉన్నది ఒక్కతే కూతురు, కరుణ. నా ఈడుది. మా ఇద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టుకుని, కట్టలు కడుతూనే పాటలు నేర్పేది. రాగం తప్పితే ఏమనేది కాదు. మాట ఊరికే అనేస్తే మాత్రం ఆపేది. నాకు ఏ దిగులూ లేదని అర్థం వచ్చే చరణం ఒకటి ఓ రోజు నేను గొంతెత్తి పాడుతుంటే చేయి అడ్డం పెట్టింది.

"పొద్దుగాల ఇంగ్లీషు పరీక్షకు ఏడ్చినవ్ గదా. దిగులు లేదా నీకు?"

పాటలో అట్లనే ఉన్నది గదా పెద్దమ్మా అన్నాను.

"పాటలో ఉంటే అంటవా? ఆయనకు ఎదురుంగ నిలవడి అంటున్నవు బిడ్డా. జర సూసుకొని అను."

అప్పుడు నాకది చాదస్తం అనిపించింది. కరుణకు కూడా అలాగే అనిపించి నా వైపు చూసి కన్ను గీటింది. కానీ ఆమెలో ఆ చాదస్తంతో పాటు ఒక కొంటెతనం ఉండేది. పట్నం నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చి మైకు పగిలిపోయేలా ప్రార్థన చేస్తుంటే, తల మీది కొంగు సర్దుకుంటున్నట్టు వంగి, ఆయన చెవులకు ఏమన్నా అయ్యిందా గింతగనం మొత్తుకుంటుండు అని మా చెవిలో అంది. కరుణా నేనూ నవ్వాపుకోలేక జంఖానాలో ముఖాలు దాచుకున్నాం. దేవుణ్ణి నమ్మేవాళ్ళు ఆయనతో అంత చనువుగా ఉండొచ్చని నేను ఆమెను చూసే తెలుసుకున్నాను.

ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా, కరుణా నేనూ రోజూ ఎక్కే షేరింగ్ ఆటోను చేవెళ్ళకు ఇంకా రెండు మైళ్ళుందనగా వెనక నుంచి ఒక లారీ కొట్టింది. నాకు గుర్తున్నది తక్కువ. కరుణ మోచేయి నా డొక్కలో గుచ్చుకోవడం గుర్తుంది. తర్వాత దవాఖాన గుర్తుంది. నాకు ఎడమ కాలు విరిగింది, కడుపులో నెత్తురు కారింది. కరుణకు తలకు తగిలింది. ఇద్దరినీ పట్నం తీసుకుపోయి ఒకే దవాఖానలో చేర్చారు. ఊళ్ళో చర్చి తలుపులు తీసిపెట్టి మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేశారు. ఆడవాళ్ళు పనులకు పోలేదు. ప్రతి ప్రార్థనలోనూ ప్రమీలను, కరుణను అని రెండు పేర్లూ కలిపే చెప్పారని మా అమ్మ తర్వాత చెప్పింది. పెద్దమ్మ దవాఖాన వరండాలో కూర్చుని అదే ప్రార్థన చేసిందట, అందులోనూ ముందు నా పేరు, తర్వాత తన కూతురి పేరు. మూడో రోజు పొద్దున కరుణ పోయింది. పదకొండో రోజు నేను చేతికర్రతో ఇంటికొచ్చాను.

మా నాన్నను మేం బాపు అంటాం. బాపు సంఘ పెద్దల్లో ఒకడు, మాట మీద నిలబడే మనిషి. నేను బతికితే కృతజ్ఞత కూడిక పెడతానని దవాఖాన గుమ్మంలో మొక్కుకున్నాడు. మా దగ్గర అది మామూలే. రోగం తగ్గినా, గండం గడిచినా షామియానా వేసి, అయ్యగారితో ప్రసంగం చెప్పించి, బతికినవాళ్ళతో నలుగురి ముందూ సాక్ష్యం చెప్పించి, బగారా అన్నం పెడతారు. అమ్మ మాత్రం వద్దంది. పక్కింట్లో పొయ్యి సరిగా వెలగడం లేదు, ఇప్పుడెందుకని అడిగింది. బాపు వినలేదు. మొక్కు ఆలస్యం చేస్తే దేవుడు ఏమనుకుంటాడోనని భయపడ్డాడు. పక్కింటామె ఏమనుకుంటుందోనని భయపడలేదు. అంతటితో ఆగితే వేరు. మొదటి పాట మార్తమ్మ లేకుండా ఎట్లా అని ఆమెను పిలవడానికి అమ్మను పంపాడు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది గానీ, బాపులో పిసరంత చెడ్డతనం లేదు. ఆమె పాట లేని కూడిక ఆయన ఊహకే అందలేదు.

అమ్మ వాకిట్లో నిలబడి చెప్పలేక చెప్పిందట. పెద్దమ్మ చేతిలో ఉన్న కట్ట ముడి వేసి, వస్త అందట. అంతే. ఆ ఒక్క మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఎందుకొస్తుంది? నన్ను చూడటానికా, శాపం పెట్టడానికా? కూతురు పోయిన మనిషి నా బతుకు పండగకు కంజిర పట్టుకుని రావడమేమిటి? నాకు ఆమె మీద మొదటి అనుమానం అప్పుడే పుట్టింది. నా మీద నాకు కూడా. ఎందుకంటే రోజులో ఒక్కసారైనా, నేను పోలేదు గదా అన్న సంతోషం నాలో కదిలేది. కదిలిన వెంటనే సిగ్గేసేది.

కూడిక నాటికి అకాల వాన పడి షామియానా తడిసింది. జంఖానాల మీద ఊరంతా కూర్చుంది. పెద్దమ్మ వచ్చి తన చోట్లో కూర్చుని మొదటి పాట ఎత్తుకుంది. గొంతు సన్నగా ఉంది కానీ వణకలేదు. అయ్యగారు ప్రసంగం చేశారు. ఆపదలో దేవుడు తనవారిని విడిచిపెట్టడని పదే పదే అన్నారు. ఆయన కళ్ళు తుడుచుకున్నారు కూడా. ఆ కన్నీళ్ళు ఎవరి కోసమో నాకు అర్థం కాలేదు. తర్వాత నన్ను లేపారు. బాపు నాకు నాలుగు వాక్యాలు నేర్పాడు. మూడు చెప్పాక నాలుగోది నోటికి రాలేదు. పెద్దమ్మ నా ముఖం వైపు చూడటం లేదు, నా కాళ్ళ వైపు చూస్తోంది. బాపు తల ఊపాడు. "దేవుడు నన్ను కాపాడాడు" అనేశాను. స్తోత్రం, స్తోత్రం అని అందరూ అన్నారు. ఆమె ముందు నిలబడి ఆ మాట అన్నది నేనే. ఇప్పటికీ ఆ నేరం ఎవరి మీదా తోసెయ్యలేను.

అప్పుడు పెద్దమ్మ లేచింది. కొంగు తల మీదికి లాక్కుని, కోపం లేని గొంతుతోనే మాట్లాడింది.

"అయ్యగారూ, ఒక్క మాట. మూడు దినాలు ఉపాసముండి ఇద్దరి పేర్లు అడిగినం. ఒక్క నోటితోనే అడిగినం. ఒక్క పేరే ఎట్ల వినవడ్డది?"

అయ్యగారు తడబడ్డారు. దేవుని ఆలోచనలు మనకు తెలియవమ్మా, ఆయన చిత్తం మనకు అందదు అన్నారు.

"తెల్వదంటే తెల్వదనే చెప్పుండ్రి. కరుణ సంగతి తెల్వదంటున్నరు, ప్రమీల సంగతి మాత్రం తెలిసినట్టు ఎట్ల చెప్తున్నరు?"

ఆమె కూర్చుంది. తిట్టలేదు, ఏడవలేదు, లేచి వెళ్ళిపోలేదు. భోజనాల దగ్గర అందరితో పాటు విస్తరి ముందు కూర్చుని అన్నం తిని, చేయి కడుక్కుని ఇంటికి పోయింది. ఊరికి ఆమె ప్రశ్న కన్నా ఆమె భోజనం ఎక్కువ వింతైంది. బిడ్డ పోయినామెకు ముద్ద ఎట్లా దిగిందని వారం రోజులు చెప్పుకున్నారు. పిలిచారు కాబట్టి తిన్నది. అది ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. నేను కూడా, మనసులో ఏం పెట్టుకుని తిన్నదో అని అనుమానించాను.

బాపుకు తల కొట్టేసినట్టయింది. సంఘ పెద్దలు కూర్చుని, మార్తమ్మ మనసు సరిచేసుకునే దాకా పాటలు ఇంకొకరు ఎత్తుకోవాలని తీర్మానించారు. ఆమె ఒప్పుకోలేదు, కాదనలేదు. మరుసటి ఆదివారం కంజిర తీసుకురాలేదు. తలుపు పక్కన, అందరూ చెప్పులు విడిచే చోటుకు దగ్గరగా, చివర కూర్చుంది. పాట పాడలేదు. ప్రార్థనకు అందరూ తల వంచితే వంచలేదు. ఆ మరుసటి ఆదివారమూ అంతే. ఇక ఆమె చోటు అదే అయింది.

నాలుగు నెలల తర్వాత, కర్ర లేకుండా నడవడం వచ్చాక, ఆమె ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కొత్తిమీర కుప్ప పోసి ఉంది. పక్కన కూర్చుని నేనూ కట్టలు కట్టాను. నాకు తెలియాల్సింది ఒక్కటే. అది తెలియకుండా ఆ ఊళ్ళో బతకలేననిపించింది. నా మీద కోపమా పెద్దమ్మా, నేను బతికినందుకు, అని అడిగాను. లేదు బిడ్డా అంటుందని ఆశ. ఆమె అలా అనలేదు.

"ఉన్నది. లేదంటే అబద్ధమైతది. నిన్ను చూసినప్పుడల్లా కాళ్ళు నడుస్తున్నయా అని చూస్త. నడిస్తే నిమ్మళమైతది. ఆ ఎంబడే కోపం గూడ వస్తది. రెండూ నావే, ఏం జెయ్యాలె?"

నాకు ఏడుపొచ్చింది. ఆమె నన్ను ఊరుకోబెట్టలేదు. ముడి వేస్తూనే ఇంకో మాట చెప్పింది.

"దేవుడు నిన్ను కాపాడిండని ఎవలన్నా అంటే అననియ్యి. నువ్వు మాత్రం అనకు. నువ్వంటే, నా బిడ్డను ఇడిసిపెట్టిండని నువ్వే అన్నట్టయితది."

ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఆ మాట మళ్ళీ అనలేదు. నా కాన్పు కష్టమైనప్పుడు కూడా అనలేదు. అనకుండా ఉండటం తేలిక కాదు. మంచి జరిగినప్పుడు ఎవరికో ఒకరికి దండం పెట్టాలని చేతులు వాటంతటవే లేస్తాయి. లేచిన చేతుల్ని దించుకోవడం ఆమె నాకు నేర్పింది. అది వరమో శిక్షో ఇప్పటికీ తేల్చుకోలేదు.

డిగ్రీకి, ఉద్యోగానికి, పెళ్ళికి నేను ఊరు దాటినా, ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆదివారం చర్చికి వెళ్ళేదాన్ని. ఆమె తలుపు పక్కనే ఉండేది. ఒక విషయం గమనించాను. సాక్ష్యాలు చెప్పేవాళ్ళు జోరుగా మొదలుపెట్టేవారు. "దేవుడు నన్ను" అనేసరికి ఎవరి కళ్ళయినా ఒక్కసారి తలుపు పక్కనున్న ఆమె మీదికి పోయేవి. గొంతు తగ్గేది. కాపాడిండు అనబోయినవాళ్ళు నాకు నయమైంది అని ముగించేవారు. ఆమె ఏమీ చేసేది కాదు. కూర్చునేది, అంతే. అయినా నాకు గుర్రుగానే ఉండేది. నమ్మకం లేని మనిషి ప్రతివారం వచ్చి, పాటలు పాడేవాళ్ళ గొంతులో అడ్డం పడటం ఏం న్యాయం? ఒకసారి అడిగేశాను, నమ్మనప్పుడు ఎందుకొస్తున్నవు పెద్దమ్మా అని.

"నేను రాకపోతే వాళ్ళు నిమ్మళంగ మొక్కుకుంటరు. ఆయన గూడ నిమ్మళంగ మొక్కించుకుంటడు. నా మొఖం జూసి మొక్కుమను. మొఖం జూసి మొక్కించుకొమ్మను."

అది పగ కాదా అన్నాను. కంజిర పట్టినన్ని రోజులు ఎంత నిజంగా పాడిందో అంత నిజంగానే ఆలోచించింది. పగో ప్రార్థనో నాకూ తెల్వదు బిడ్డా అంది.

నిరుడు వానాకాలంలో ఆమెకు కామెర్లు వచ్చాయి. నాలుగు రోజుల్లో పోయింది. నేను వెళ్ళేసరికి కరుణ పక్కనే పూడ్చేశారు. రెండు వారాల తర్వాత చర్చిలో ఒకాయన సాక్ష్యం చెప్పాడు. కొండకల్ వైపు పనికి పోతుంటే ముందు బండి పల్టీ కొట్టిందట, వెనకున్న తమను మాత్రం దేవుడు కాపాడిండట. గడగడా చెప్పుకుపోయాడు. ఎక్కడా ఆగలేదు. ఎవరూ తలుపు వైపు చూడలేదు. అందరూ స్తోత్రం అన్నారు. ముందు బండిలో వాళ్ళు ఏమయ్యారో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆడవాళ్ళ మధ్య నుంచి లేచాను. ఎడమ కాలు ఇప్పటికీ కాస్త ఈడుస్తుంది, నా నడక అందరికీ వినబడింది. తలుపు పక్కన ఖాళీగా ఉన్న చోట కూర్చున్నాను. ఆ చోటుకు నాకు హక్కుందా? పోయినామె తల్లి కూర్చున్న చోట, బతికినదాన్ని నేను కూర్చోవచ్చా? తెలియదు. కానీ ఇంకెవరూ కూర్చోవడం లేదు.

అప్పటి నుంచి దాదాపు ప్రతి ఆదివారం మొయినాబాద్ నుంచి బండి మీద ముడిమ్యాల పోతున్నాను. భక్తి ముదిరిందని మా ఆయన ఆటపట్టిస్తాడు. ఇప్పుడున్న అయ్యగారు కుర్రవాడు, నేనెవరో ఎరగడు, ముందుకొచ్చి కూర్చోమని మర్యాదగా చెబుతాడు. నేను నవ్వి ఊరుకుంటాను. దేవుడున్నాడా అంటే చెప్పలేను. ఉంటే మాత్రం ఆయన్ని అంత తేలిగ్గా వదిలిపెట్టకూడదని ఉంటుంది. నేనక్కడెందుకు కూర్చుంటున్నానో బాపు అడగలేదు. ఇన్నేళ్ళలోనూ ఆ కూడిక మాట మా ఇద్దరి మధ్యా రాలేదు.

పోయిన నెల బాపుకు గుండె ఆపరేషన్ అయింది. పక్షం రోజులు దవాఖానలో ఉండి, తేరుకుని, చర్చికి వచ్చాడు. సాక్ష్యం చెప్పమని అయ్యగారు పిలిచారు. బాపు కర్ర ఊతంతో లేచి నిలబడ్డాడు. దేవుడు నన్ను అని మొదలుపెట్టాడు. అలవాటైన మాట, నోట్లో తిరిగే మాట. జనం స్తోత్రం అనడానికి సిద్ధంగా ఉన్నారు. ఆయన తల తిప్పి తలుపు వైపు చూశాడు. నా వైపు చూశాడో, నా వెనక ఎవరినో చూశాడో నాకు తెలియదు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. అయ్యగారు కంగారుపడి పట్టుకోబోయారు.

"నేను బతికిన. పక్క మంచమాయన బతకలే. ఆయన పేరు నర్సింలు. ఊరు ఆలూరు."

ఇంకేమీ చెప్పకుండా బాపు కూర్చున్నాడు. ఎవరూ స్తోత్రం అనలేదు. నాకు ఎన్నో ఏళ్ళ తర్వాత ప్రార్థన చేయాలనిపించింది. ఏం అడగాలో తెలియలేదు, ఎవరిని అడగాలో అసలే తెలియలేదు. నర్సింలు, కరుణ, మార్తమ్మ అని మూడు పేర్లు పైకే అన్నాను. ఎవరైనా విన్నారా అంటే నాకు అనుమానమే.